లాగిన్ స్క్రీన్ మీద మా చేను

2003 ఆగస్టు, శుక్రవారం రాత్రి

నేను పనిచేసే ట్రైనింగ్ సెంటర్లో లినక్స్ కంప్యూటర్లు ఇన్నాళ్లూ నల్ల తెరతోనే మొదలయ్యేవి. కమాండ్లు కొడితేగానీ డెస్క్‌టాప్ వచ్చేది కాదు. ఆ కమాండ్లు నాకొక్కడికే తెలుసు.

"ఆన్ చేస్తానే పేరు, పాస్‌వర్డ్ అడిగే స్క్రీన్ రావల్ల. అది చేసిపెట్టు, సాయంత్రం బ్యాచ్ నీదే, పాఠాలు నువ్వే చెప్పు. టెన్త్ తప్పింటే ఏమప్పా!" అన్నాడు ఓనరు రమణన్న.

కూర్చుని చేశాను. ఆ స్క్రీన్ వెనక మా వేరుశనగ చేను ఫోటో పెట్టాను, మొన్న ఒక్క వాన పడ్డప్పుడు తీసింది.

ఈ సాయంత్రం పోతే రమణన్న బామ్మర్ది, డిగ్రీ చదివినవాడు, నా బ్యాచ్‌కి పాఠం చెప్తున్నాడు.

"ఏమన్నా, బ్యాచ్ నాదంటివి కదా?"

"ఇప్పుడు ఎవరైనా మౌస్ నొక్కి లోపలికి పోతారు. ఇంకా నీతో పనేముండాది రా?" అని నవ్వాడు. పిల్లలూ నవ్వారు.

మూల కంప్యూటర్లో నా పేరు, పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. నా పేరే తీసేశారు.

పాఠాలు చెప్పబోతున్నానని నాయనకు పొద్దునే చెప్పాను. ఊరంతా చెప్పుకొని ఉంటాడు...

స్క్రీన్ మీద చేను పచ్చగా అట్లాగే ఉంది. మా గట్టు మీదే నన్ను నిలబెట్టి, నువ్వెవరని అడిగినట్టుంది.