పన్నెండో నంబరు టోకెన్ ఇచ్చినావిడ గురించి

నెల్లూరు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి వారి సముఖమునకు,
ఉదయగిరి బజారువీధిలో కాపురముండు పెంచలనరసింహం భార్య వరలక్ష్మమ్మ (50) వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఆత్మకూరు ఎముకల స్కానింగ్ క్యాంపులో మా తప్పు వలన మారిపోయిన రిపోర్టులు – రెండవ మనిషిని వెతికి హెచ్చరించుట గురించి.

1. గత సంవత్సరం శ్రావణమాసంలో ఆత్మకూరుకు స్కానింగ్ వ్యాను వచ్చినపుడు మా అత్తగారు ఓబులమ్మను (74) తీసుకొనిపోయినాను. పేరు రాసుకొని 41వ నంబరు టోకెన్ ఇచ్చినారు. ఆమె ఎండకు తాళలేక కూలబడగా, వరుసలో ముందున్న ఒకావిడ తన 12వ టోకెన్ నా చేతిలో పెట్టి, "అవ్వను ముందు పంపీమ్మా. నాకేం తొందర? గేదెను మా తోడికోడలు పిండుతాది. ఇయ్యాల తన్నులు దాని వంతు" అని నవ్వింది. టోకెన్లు మార్చుకున్నాము. చెబితే మళ్ళీ వెనక్కు పంపుతారని పేర్లు రాసే బల్ల దగ్గర ఆ మాట చెప్పలేదు. లోపల నంబరుతోనే పిలిచినారు. అత్తగారికి చెవుడు. పేరడిగినా ఊకొట్టి ఉంటుంది.

2. పది రోజులకు అత్తగారి పేరుతో కవరు వచ్చింది. డాక్టరుగారు చూసి, ఎముక లోపల తేనెపట్టు వంటి సన్నని అల్లిక ఉంటుందని, ఈమెకు అది చాలాచోట్ల తెగిపోయిందని, కాలు జారినా, బిందె ఎత్తినా విరగవచ్చునని చెప్పినారు. మందులు వేస్తూ మెల్లగా నడిపించమని కూడా అన్నారు. నాకు "విరుగుతుంది" అన్నదొక్కటే వినపడింది. పదకొండు నెలలు మంచం దిగనివ్వలేదు. "నా కాళ్ళు బాగానే ఉండాయే వరలక్ష్మీ. పెంచలకోనకు ఒక్కసారి తీసకపోవే" అని అడిగేది. "స్వామి ఎక్కడికి పోతాడు అత్తా" అనేదాన్ని. వీపున పుండ్లు పడి, ఊపిరితిత్తులకు నిమ్ము చేరి, ఈ ఆషాఢంలో కాలం చేసినది.

3. సంచయనం నాడు కాటికాపరి వెంగయ్య మా గడప ముందు నిలబడి, "అస్థికల్లో ఈ ఇనుము దొరికింది తల్లీ. అయ్యగారు కుండలో వెయ్యొద్దన్నారు. ఏం చెయ్యమంటావు?" అని ఒక రాడ్డు చూపినాడు. ముప్పై ఏళ్ళ క్రితం బండి మీదినుంచి పడినపుడు అత్తగారి ఎడమ తొడలో మద్రాసులో వేయించిన రాడ్డు అది. మేమే మరిచిపోయినాము. లోపలికి వెళ్ళి రిపోర్టు తీసినాను. అందులో ఎడమ తొడ బొమ్మ ఉన్నది. రాడ్డు లేదు.

4. కావున ఆ బొమ్మ మా 41వ టోకెన్‌తో లోపలికి పోయిన ఆవిడది. తెగిన అల్లిక ఆవిడది. మా అత్తగారి రిపోర్టు ఆవిడ ఇంట్లో ఉన్నది. అందులో ఏమున్నదో నాకు తెలియదు. బాగున్నదని ఉంటే ఆవిడ నేటికీ గడ్డిమోపులు ఎత్తుతూ ఉంటుంది.

5. ఆ దినం ఆవిడ అనంతసాగరం ఆటో ఎక్కడం చూసినాను గనుక మూడుసార్లు అక్కడికి పోయి విచారించినాను. "గేదె ఉండే ఆడమనిషంటే ఊరంతా వాళ్ళే గదమ్మా. గేదె పేరన్నా తెలుసునా?" అని నవ్వినారు. క్యాంపు వారిని అడుగగా ఒకరి వివరములు మరొకరికి ఇవ్వకూడదని, తమరి ఉత్తర్వు కావలెనని చెప్పినారు. అది న్యాయమే.

6. ఆ బొమ్మ ఎక్కడ పెట్టాలో తెలియక పూజగదిలో పెట్టినాను. దీపం వెలిగిస్తే తెల్లగా కనపడుతుంది. వీధిలో ఎవరి బిందె జారినా ఆవిడే పడినట్టు ఉంటుంది. కళ్ళు మూసుకొని అత్తగారిని తలచుకుంటే ఆమె ముఖం రాదు. ఆవిడ నవ్వు వస్తుంది.

కావున తమరు దయయుంచి క్యాంపు పుస్తకంలో 12వ టోకెన్ ఎదుట ఉన్న పేరు తీయించి, ఆవిడకు మళ్ళీ స్కానింగ్ చేయించవలెను. ఆవిడ ఎవరో నాకు చెప్పనక్కర లేదు. తప్పు నాదే గనుక అందుకు ఏమి విధించినా తలవంచుకొందునని మనవి చేసుకొనుచున్నాను, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
వరలక్ష్మమ్మ

తా.క.: టోకెన్ ఇచ్చినందువల్ల ఇలా జరిగిందని ఆవిడకు తెలియనివ్వకండి. తెలిస్తే ఇంకొక అవ్వకు చోటివ్వడానికి వెనకాడుతుందేమో. కబురు పంపేటప్పుడు నిదానంగా రమ్మని చెప్పించండి. పిలిస్తే పరుగెత్తుకొచ్చే మనిషి ఆమె.