నానమ్మ లేని చోటు

మార్చి 3, ఆదివారం

మా పిచ్చుక ఈ రోజు సండే స్కూల్లో ఏడ్చింది. అదీ నా క్లాసులో. టీచరు కూతురే ఏడిస్తే మిగతా పిల్లల్ని ఎవరు ఆపుతారు?

చిన్నపిల్లలకి నేను రంగు గుడ్డలతో చెప్తాను. నల్లది పాపం, ఎర్రది ప్రభువు రక్తం, తెల్లది కడిగిన మనసు. నేను పనిచేసే డ్రైక్లీనింగ్ షాపులో మిగిలిపోయిన లైనింగ్ ముక్కలే అవన్నీ. క్లాసు చివర ఒక ఆట ఉంటుంది. పరలోకానికి ఎన్ని దారులు అని నేను అడగాలి. పిల్లలంతా ఒక్క వేలు పైకెత్తి, ఒక్కటే అని పైకప్పు ఎగిరిపోయేలా అరవాలి. ఈ ఆట పెట్టింది నేనే. అరిచారు. పిచ్చుక మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నానమ్మ ఆ దారిలో రావట్లేదు కదా, మరి ఎక్కడికి వెళ్తుంది అని అడిగింది.

నానమ్మ కోసం రోజూ ప్రార్థన చేద్దాం అన్నాను. ఆ ప్రార్థన పని చేసేలోపే నానమ్మ చచ్చిపోతే అంది. పిల్ల కాదు, పిడుగు. నేను రంగు గుడ్డలు మడత పెట్టబోతుంటే వెనక వరసలోంచి పాస్టర్ గారి అమ్మాయి జవాబు చెప్పేసింది. నరకానికి అని. దాని తప్పేముంది, నేను నేర్పిందే అప్పజెప్పింది.

ఇంటికొచ్చేదాకా పిచ్చుక నోరు విప్పలేదు. పుట్టాక అది అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడలేదు.

మార్చి 4

ఈ రోజంతా అత్తయ్యకి, అదే పిచ్చుక నానమ్మకి, ఎదురుపడకుండా తిరిగాను.

ఆవిడ సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. మావయ్యగారు అదే డిపోలో మెకానిక్కు. ఇద్దరికీ ఏ దేవుడితోనూ పేచీ లేదు, పనీ లేదు. మా ఆయన నన్ను చేసుకోవడం కోసం బాప్తిస్మం తీసుకున్నాడు. ఆదివారాలు చివరి బెంచీలో కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. మావయ్యగారు పోయి నాలుగేళ్ళు. పిచ్చుక పుట్టినప్పుడు నా బట్టలు తన చేత్తో ఉతికి ఆరేసిన మనిషి.

ఆయన పోయి నెల తిరక్కుండానే అత్తయ్యకి ప్రభువిచ్చే రక్షణ గురించి చెప్పబోయాను. మనసు మెత్తగా ఉన్నప్పుడు చెప్తే నాటుకుంటుందని మా మీటింగుల్లో అంటారు. ఆవిడ అంతా విని, మీ లెక్క ప్రకారం ఇప్పుడు ఆయన ఎక్కడున్నట్టు అని అడిగింది. చేతిలో బైబిలు మూసేశాను. అయితే నాకూ అక్కడే ఒక సీటు ఉంచమను అని లేచిపోయింది. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు. నేను మాత్రం రోజూ ఆవిడ పేరు చెప్పి మోకాళ్ళ మీద ఉంటున్నాను.

ఆవిడ చెయ్యి పట్టుకోకుండా పిచ్చుక రోడ్డు దాటదు. నా చెయ్యి అయితే విదిలించుకుంటుంది.

మార్చి 6

పిచ్చుకకి టాన్సిల్స్ తీసేయాల్సిందే అన్నాడు గొంతు డాక్టరు. పంతొమ్మిదో తారీఖు, మంగళవారం. చాలా చిన్న ఆపరేషనట, రోజుకి ఇలాంటివి ఎన్నో చేస్తాడట. మత్తు ఇస్తాం అన్న దగ్గర నా చెవులు మూసుకుపోయాయి. తర్వాత చెప్పిందంతా మా ఆయనే విన్నాడు.

మార్చి 9

పొద్దుటి నుంచి ఒకే మాట తలలో తిరుగుతోంది. రాస్తే తగ్గుతుందేమో చూస్తాను.

మా సంఘంలో ప్రతి ఒక్కరికీ రెండు పుట్టినరోజులు. ఒకటి తల్లి కన్న రోజు, రెండోది ప్రభువుని ఒప్పుకున్న రోజు. రెండిటికీ కేకు కోస్తాం. పిచ్చుక రెండో పుట్టినరోజు పన్నెండో తారీఖున. పోయిన ఏడాది ఆ రోజే స్టేజీ ఎక్కి, మైకు తన ఎత్తుకి దించుకుని, పాపాలు చెప్పుకుంది. పక్కపిల్ల రబ్బరు దాచేశాను, పాలు మొక్కలో పారబోశాను అని. అందరూ నవ్వారు. నేను సంతోషం పట్టలేక ఏడ్చాను.

ఈసారి కేకు ఏ రంగు కావాలి అని అడిగితే, వద్దు అంది. ఎందుకే అన్నాను. ఆ ప్రార్థన వెనక్కి తీసేసుకున్నా అంది. ఎప్పుడే? సోమవారం, బాత్రూంలో, పళ్ళు తోముకుంటూ. ప్రభువా థాంక్యూ, కానీ నేను రాను అని చెప్పిందట. నానమ్మ అక్కడ ఒక్కతే ఉంటే భయపడుతుందట, తోడు వెళ్తుందట. నాకు చెప్పకూడదనే అనుకుందట గానీ కేకు దండగైపోతుందని చెప్పిందట.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపటికి తెలిసింది. నవ్వే సంగతి కాదు.

ఏమీ తెలియని పసివాళ్ళని దేవుడు లెక్కలోకి తీసుకోడు. తెలిసి వద్దన్నవాళ్ళకే సాకు ఉండదు. దీనికి తెలుసు. తెలిసేలా చెప్పింది నేనే. నా క్లాసులో ఇంతకంటే బాగా తెలిసిన పిల్ల లేదు. ఎవరు తీసుకున్న గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను తీసిన గోతిలో నా పిల్ల పడింది.

పంతొమ్మిదిన మత్తిస్తారు. లేవకపోతే?

మార్చి 10, ఆదివారం

మా ఆయనతో చెప్పాను. నవ్వాడు. ఏడేళ్ళ పిల్ల పళ్ళు తోముకుంటూ అన్న మాట కూడా దేవుడు పట్టించుకుంటాడా అన్నాడు. మరి ఆరేళ్ళ పిల్ల మైకులో అన్న మాట పట్టించుకున్నాడనే కదా కేకు కోశాం, అప్పుడు రెండు ముక్కలు తిన్నావు కదా అన్నాను. నవ్వు ఆపేశాడు. పాస్టర్ గారిని అడుగు అని వ్యాన్ తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆదివారం పూట ఏ డెలివరీ ఉందో మరి.

క్లాసు తీసుకోలేదు. తలనొప్పి అని చెప్పాను.

మార్చి 11

పాస్టర్ గారు మంచి మనిషి. కసిరినా బాగుండేది. పసిపిల్లల సంగతి దేవుడి కరుణకి వదిలేయాలమ్మా అన్నారు. ఎన్నేళ్ళ దాకా పసిపిల్ల అని అడిగాను. వయసు ఎక్కడా చెప్పలేదు అన్నారు. పోనీ, దారి మాత్రం ఒక్కటేనా అని అడిగాను. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే, ఎప్పుడూ విననిదానిలా అడిగాను. ఒక్కటే అన్నారు. బల్ల మీద చెయ్యి రాస్తూ, మా అమ్మ ఒప్పుకోకుండానే పోయింది అన్నారు.

ఆయన ముఖం చూడలేకపోయాను. ధైర్యం తెచ్చుకుందామని వెళ్ళి, ఆయన భయం కూడా నెత్తిన పెట్టుకుని వచ్చాను.

మార్చి 12

కేకు కోయలేదు. అత్తయ్య ఎందుకని అడిగితే పిల్లకి గొంతు నొప్పి అని చెప్పాను.

మార్చి 14

ఈ రోజు చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది.

పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని నరకం గురించి చెప్పాను. క్లాసులో చెప్పేంత కాదు, మొత్తం. ఆరని నిప్పు, కటిక చీకటి, ఎంత అరిచినా ఎవరూ రారు, ఎప్పటికీ రారు అని. భయపడి తిరిగొస్తుందనుకున్నాను. భయపడింది. పెదాలు తెల్లబడ్డాయి. కూర్చున్న చోటే పాస్ పోసుకుంది. అయినా ఏమంది? అక్కడ చీకటైతే నానమ్మకి అస్సలు కనపడదమ్మా, కళ్ళ ఆపరేషన్ ఇంకా అవ్వలేదు కదా, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి అంది. పళ్ళు టకటకలాడుతున్నాయి, మాట మాత్రం మార్చలేదు.

తడిసిన గౌను విప్పుతూ తలెత్తితే గుమ్మంలో అత్తయ్య. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో. ఆవిడ అరిచినా పడేదాన్ని. బకెట్టూ గుడ్డా తెచ్చి నేల తుడిచింది.

నేను తల్లినేనా?

మార్చి 16

షాపులో ఎవరిదో కోటు మీద ఇస్త్రీ పెట్టి అలాగే నిలబడిపోయాను. భుజం దగ్గర కాలిపోయింది. ఓనరు అరుస్తుంటే ఆయన నోరు కదలడం చూస్తున్నాను, మాట వినపడట్లేదు. మంగళవారం తప్ప నాకేమీ కనపడట్లేదు. వాయిదా వేయమని డాక్టరుకి ఫోన్ చేశాను. కారణం అడిగాడు. ఏమని చెప్పను? పెట్టేశాను.

పిచ్చుకని రోజూ అడుగుతున్నాను. రోజూ తల అడ్డంగా ఊపుతోంది. నిన్నటి నుంచి నన్ను చూస్తే వెళ్ళి నానమ్మ కుర్చీ వెనక నిలబడుతోంది.

మార్చి 18, సాయంత్రం

ఆస్పత్రి సంచి సర్దుతుంటే అత్తయ్య వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆ ఒప్పుకునే ప్రార్థనేదో నేర్పు అంది. పొద్దున పిల్ల ముందు చెప్పేస్తాను, అది విని తనదీ మళ్ళీ చెప్పుకుంటుంది, నీ ప్రాణం కుదుటపడుతుంది అంది.

నాలుగేళ్ళుగా ఈ మాట కోసమే మోకాళ్ళు అరగదీసుకున్నాను. తీరా విన్నాక సర్దుతున్న సంచి పక్కన పెట్టేశాను. మీరు నమ్ముతున్నారా అత్తయ్యా అని అడిగాను.

"లేదమ్మాయ్. పిల్ల కోసం అంటాను."

నమ్మకుండా ప్రభువు ముందు అలా అనడం మామూలు పాపం కాదని, దేవుడితో ఆటలు వద్దని చెప్పాను.

"కోపమొస్తే నా మీద చూపించమను. పిల్ల జోలికి రావద్దను."

మరి మావయ్యగారు అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆవిడ పిల్ల గౌను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది.

"ఆయనకి నేను సర్ది చెప్పుకుంటాలే."

నేర్పాను. మూడే వాక్యాలు. స్టాపులన్నీ వరసగా అప్పజెప్పిన నోరు కదా, ఒక్కసారికే వచ్చేశాయి. తెలిసి తెలిసి అబద్ధపు ప్రార్థన నేర్పినదాన్ని ప్రభువు ఏం చేస్తాడో. ఏమైనా చేయనీ, రేపు పిల్ల నోటి వెంట ఆ మాట వస్తే చాలు.

మార్చి 19, ఉదయం, ఆపరేషన్ గది బయట

పిల్లకి ఆకుపచ్చ గౌను తొడిగి చక్రాల మంచం ఎక్కించారు. అత్తయ్య చెప్పులు విప్పి, తల దగ్గర నిలబడి, మూడు వాక్యాలూ చెప్పింది. వెనక సీటుకి కూడా వినపడాలన్నట్టు గట్టిగా చెప్పింది. నర్సు ఆగి చూసింది. చివర ఆమెన్ కూడా అంది. నేను పిల్ల ముఖమే చూస్తున్నాను. ఇప్పుడు నువ్వు చెప్పవే, నా తల్లి కదూ అని లోపల్లోపలే కాళ్ళు పట్టుకుంటున్నాను.

పిచ్చుక తలెత్తి నానమ్మ వైపు చూసింది.

"మరి తాతయ్య ఒక్కడే అయిపోతాడు కదా నానమ్మా?"

అత్తయ్య పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. దేవుడి ముందు అబద్ధం ఆడగలిగింది గానీ దాని ముందు ఆడలేకపోయింది. చివరికి, అవునే, ఒక్కడే అయిపోతాడు అంది.

"అయితే అందరం అక్కడికే పోదాం. నువ్వు చెప్పింది వెనక్కి తీసేసుకో."

సరే అంది అత్తయ్య. నా కళ్ళ ముందే.

నేను మంచం కమ్మీ పట్టుకున్నాను. ఒక్కసారి చెప్పవే, ఒక్కసారి, అమ్మ కోసం చెప్పవే అన్నాను. పైకే అన్నాను, అందరూ చూస్తున్నారని కూడా తెలుసు. నర్సు నా వేళ్ళు విడదీసింది. పిచ్చుక టాటా చెప్పింది. తలుపు మూసుకుంది.

మా ఆయన వ్యాన్ ఎక్కడ పెట్టాలో తెలియక ఇంకా కింద తిరుగుతున్నాడు. అత్తయ్య నా పక్క కుర్చీలో ఉంది. చెప్పులు తొడుక్కోవడం మర్చిపోయింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకోవట్లేదు.

లోపల ఏమైనా అయితే. ఏమైనా అయితే పిల్ల ఎక్కడికి వెళ్తుందో ఈ వరండాలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలియకపోతే ఎంత బాగుండేది. మిగతా తల్లులు కూడా ఏడుస్తున్నారు గానీ వాళ్ళు ఒక్క చావుకే ఏడుస్తున్నారు.

ప్రార్థన చేయాలి. ఏమని అడగను? నానమ్మ మీద ప్రేమ తీసెయ్ అనా?

మార్చి 19, సాయంత్రం

లేచింది. బాగుంది. ఐస్‌క్రీం తింటోంది. సగం నానమ్మ నోట్లో పెడుతోంది.

తలుపు తెరుచుకోకముందు నేను అన్నది ఇదీ. ప్రభువా, దారి ఒక్కటే. నాకు తెలుసు, ఇప్పటికీ నమ్ముతున్నాను. వాళ్ళిద్దరూ ఆ దారిలో లేకపోతే నన్ను కూడా తీసెయ్. ఆమెన్.

ఆమెన్ అన్నాక తెలిసింది ఏమన్నానో.

అయినా ఇంకోసారి అన్నాను.