పతకం వెనక తేదీ

విచారణాధికారి గారికి,
రెజిమెంటు దర్జీ నమస్కరించి రాసుకునేది.

యువరాజావారు ఇరవై రెండో ఏట కర్నల్ అయిన నాటి నుంచీ ఆయన కోట్లన్నీ నేనే కుడుతున్నాను. గుర్రప్పందేల గొడవా, విందులో మంత్రిగారి మీద చెయ్యి చేసుకున్న గొడవా పేపర్లో చదివాను గానీ ఎక్కడా నోరు మెదపలేదు. ఇప్పుడు తప్పడం లేదు.

వంతెన వదిలి పారిపోయాడని మీరు జైల్లో పెట్టిన కెప్టెన్ నా మేనల్లుడు. అయినవాడని చెప్తున్నానని కొట్టిపారేయకండి. ఆ రోజంతా వంతెన మీదే నిలబడ్డానంటున్న యువరాజావారు నిలబడింది నా కొట్లో స్టూలు మీద.

కొత్త కోటు సరిచూస్తున్నాను. ఆయన రెండు చేతుల పొడవునా గుండుసూదులు. అందుకని ఫోను మోగితే నేనే ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను.

"కెప్టెన్‌ని వెనక్కి వచ్చెయ్యమను," అని ఫోనులో చెప్పి, నా వైపు తిరిగి, "మాస్టారూ, నడుం దగ్గర కాస్త వదులుంచు," అన్నారు.

ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతారు. నా కొట్టు ఆయన కోటగోడని ఆనుకునే ఉందండీ.

సరిచూసిన తేదీని లోపలి జేబులో ఎర్రదారంతో కుట్టడం మా నాన్న నేర్పిన అలవాటు. వేసుకునేవాళ్లెవరూ దాన్ని చూడరు. నా పేరు బయటపెట్టొద్దని రాయబోయి మానేశాను. ఆ కుట్టు చూస్తే నాదేనని ఊళ్లో ఏ దర్జీ అయినా చెప్పేస్తాడు.

సోమవారం సాక్ష్యానికి ఆయన ఆ కోటులోనే వస్తారు. వంతెన పతకం దానికే ఉంది. లోపలి ఎడమ జేబు తిరగేయించండి. ఆ రోజు తేదీ సరిగ్గా పతకం వెనకే ఉంటుంది.