ట్రేలో నాలుగు ఖాళీ గళ్లు

ప్రసూతి ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,
మూడో వార్డు ఆయా రాసుకున్న అర్జీ.

విషయం: మాయ పరీక్షకు తీసిన రక్తాన్ని, ట్రే నిండే వరకు ఆపకుండా రేపు ఉదయమే ల్యాబులో తీసుకొనుటకు ఉత్తర్వు కోరుట గురించి.

అయ్యా,

పందొమ్మిదేళ్ల నౌకరీలో నేను తమకు ఒక్క కాగితం రాయలేదు. నోటితోనే చెప్పుకుందామని నిన్నటి నుంచి మూడుసార్లు తమ గది దాకా వచ్చాను. తలుపు తట్టకుండానే తిరిగి వెళ్లాను. అందుకని కలం పట్టాను. నాది పదో తరగతి చదువు, తప్పులుంటే మన్నించగలరు.

1. రక్తపోటు పెరిగిన గర్భిణులకు, కడుపులో బిడ్డ సరిగా ఎదగని వారికి మా వార్డులో వారానికోసారి రక్తం తీస్తారు. బిడ్డకు ఆహారం అందించే మాయ సరిగా పనిచేస్తోందా, లోపల బిడ్డ ఇబ్బందిలో పడబోతోందా అన్నది ఆ రక్తంలో కొంత ముందుగానే తెలుస్తుందని డాక్టరమ్మ చెప్పారు.

2. సదరు పరీక్ష మందు ఒకసారి విప్పితే పన్నెండు మందికి వస్తుందట, మిగిలింది పారేయాలట. కావున పన్నెండు ట్యూబులు నిండనిదే ట్రే తీసుకోరాదని ల్యాబు గోడకు ఉత్తర్వు అంటించారు. మధ్యాహ్నం దాటిన రక్తం పనికిరాదని పక్కనే మరొక ఉత్తర్వు అంటించారు. కడుపులో బిడ్డలు ఈ రెండూ చదవలేరు.

3. తొమ్మిదో మంచం మా కోడలిది. ఎనిమిదో నెల. కిందటిసారి కదలిక తగ్గిందని మేము తెలుసుకునేసరికే ఆలస్యమైపోయింది. ఈసారి స్కానుతో పాటు ఈ రక్తం జవాబు కూడా చూసి, ఆగాలో ఆపరేషన్ చేయాలో తేలుస్తామన్నారు.

4. నిన్న పదకొండున్నర అయినా ఎనిమిది ట్యూబులే వచ్చాయి. కాలుగాలిన పిల్లిలా వార్డంతా తిరిగాను. చివరకు నాలుగు ఖాళీ ట్యూబులకు మూతలు బిగించి, మిగిలిన గళ్లలో పెట్టి తీసుకెళ్లాను. దేవుణ్ణి తలవనిదే మంచం దిగని దాన్ని. ఆ మూతలు బిగించేటప్పుడు మాత్రం ఆయన్ని తలవలేదు.

ల్యాబులో అందరూ ‘ఆగండి గారు’ అని పిలుచుకునే టెక్నీషియన్ ట్రే చూశారు.

“ఏంటమ్మా, ఖాళీ ట్యూబులకి కూడా నెలలు నిండాయా?”

“నింపమన్నారు కదా బాబూ, నింపాను.”

“చీటీలు ఎనిమిది, ట్యూబులు పన్నెండు. ఇక దేన్ని నమ్మమంటావు? అన్నీ రద్దు.”

వారి తప్పు లేదు. ఎనిమిది మంది తల్లుల రక్తం నా మూలంగా చెత్తబుట్టలో పడింది.

5. రేపు మళ్లీ తీస్తామని నర్సమ్మ చెప్పినప్పటి నుంచి కోడలు నా చెయ్యి వదలడం లేదు. “అత్తయ్యా, బాగుంటే మళ్లీ ఎందుకు తీస్తారు? నా దగ్గర ఏదో దాస్తున్నారు కదూ?” అంటోంది. “పడుకో తల్లీ” అన్నాను. దుప్పటి కప్పి ఇటు వచ్చాను.

6. మళ్లీ సూదా అని ముగ్గురు ఇళ్లకు వెళ్లిపోయారు. కాబట్టి రేపు ఐదే ట్యూబులు.

కావున ఎన్ని గళ్లు ఖాళీగా ఉన్నా ట్రే తీసుకోమని రేపు పది గంటలలోపు ఒక ముక్క రాయించి ఇప్పించండి. వెళ్లిపోయిన ముగ్గురికీ కబురు పెట్టించండి, చిరునామాలు వెనక రాశాను. నాకు వేయదగిన శిక్ష ఆ తరువాత వేయండి, సంతకం పెడతాను.

ఇది తమరు ఈ రోజే చిత్తగించవలెనని చేతులు జోడించి అడుగుతున్న,

తమ విధేయురాలు,
మూడో వార్డు ఆయా

మరొక్క మనవి: ఈ కాగితాలు చింపేయకండి, తమ సొరుగులో ఉంచండి. కానీ ఎవరికీ చూపకండి. వార్డులో ఒకరికి తెలిస్తే మా కోడలి మంచం దాకా వెళ్లిపోతుంది. ఆ రెండో సూది తన బిడ్డ వల్ల కాదు, నా వల్లేనని నేనే చెప్పాలి. ఇది తమ గుమస్తాకు ఇచ్చి నేరుగా కోడలి దగ్గరికే వెళుతున్నాను.