రేడియోలో ‘యూత్’ అన్నారు

హల్ రేవు, ఇంగ్లండ్,
15 మార్చి 1974

ప్రియమైన రాన్‌కి,

నేనూ అత్తయ్యా క్షేమం. సింగపూర్ చేరేసరికి నీ నడుం నొప్పి తగ్గి ఉంటుందనుకుంటున్నాను. మనబ్బాయి కీత్ సంగతి కింద రాస్తాను.

“వాడింకా బాయ్‌గానే ఉన్నాడా, మాన్ అయ్యాడా? ఓడలో పనికి మా కెప్టెన్‌తో మాట్లాడనా?” అని అడిగావు. ఏం చెప్పను? ఈ వీధిలో పదహారేళ్ళవాడికి ఎన్ని పేర్లు! మీ అమ్మకి వాడు లాడ్, చిన్న కుర్రాడన్నట్టు. ఆవిడకి నలభై ఆరేళ్ళ నువ్వూ లాడ్‌వే అనుకో. కిటికీ అద్దం పగిలిన రోజున పక్కింటావిడకి వాడు యూత్, పోకిరీ కుర్రాడన్నట్టు. నాకు ఒళ్ళు మండితే యంగ్ మాన్ అంటాను, మూడేళ్ళప్పుడూ అలాగే అనేదాన్ని. ఓడ మీద వాడికిచ్చే ఉద్యోగం పేరు డెక్ బాయ్, చేయించేది మాత్రం మగాడి చాకిరీ. వద్దు రాన్, మాట్లాడకు.

మంగళవారం పొద్దున బేకన్ వేయిస్తున్నాను. కీత్ పక్క నలగలేదు. రేడియోలో చెప్పారు, చేపల రేవులో ఒక యూత్ శవం దొరికిందని. పొయ్యి కట్టేశాను.

“యూత్ అన్నాడు గదే! మనవాడైతే బాయ్ అనేవాళ్ళు,” అంది అత్తయ్య.

“పదహారేళ్ళవాణ్ణి ఏమంటారో వాళ్ళకే తెలియదు అత్తయ్యా!”

“నోర్ముయ్యవే, అశుభం పలక్కు,” అంటూనే ఆవిడ కీడు తగలకుండా కుర్చీ చెక్క కోడు పట్టుకుంది.

అప్పుడే గేటు చప్పుడైంది. పోలీసు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేనే తలుపు తీశాను.

“ఆంబ్లర్ వాళ్ళిల్లు ఏదమ్మా?” అన్నాడు.

రాన్, నేను సంతోషించాను. ఎదురిల్లు చూపించిన నా చెయ్యి ఎంత చురుగ్గా లేచిందో! కాలిన్ ఆంబ్లర్ నీకు తెలుసు, పంతొమ్మిదేళ్ళు, ఆరడుగులు, గడ్డం. రేవులో కూలి చేసి తల్లిని పోషిస్తున్నవాడు. వాళ్ళమ్మ ఎడ్నా గుమ్మంలోనే కూలబడి “నా బేబీ, నా బేబీ” అని ఏడ్చింది. వీధిలో ఒక్కరికీ ఆ మాట వింతగా అనిపించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మధ్యాహ్నం కీత్ వెనక తలుపులోంచి వచ్చాడు. చొక్కా చేతులు ఇంకా చెమ్మగా, పెదాలు నీలం. సోమవారం రాత్రి వాడూ కాలిన్ ఇద్దరూ బీరు తాగి, పందెం వేసుకుని, ఒక పడవ మీంచి ఇంకో పడవ మీదికి దూకారట. కాలిన్ జారాడు. వీడు చెయ్యి పట్టుకున్నాడు. పట్టు నిలవలేదు. భయపడి అప్పటిదాకా రేవు షెడ్డులో దాక్కున్నాడు, ఎవర్నీ పిలవలేదు. కేక వేసి ఉంటే బతికేవాడేమో. అదీ నా భయం. పోలీసులకింకా తెలియదు. వాడు తిండి మానేశాడు, ఎదురింటి వైపు కిటికీకి దుప్పటి కట్టేశాడు.

దాచేద్దామా అని మూడు రోజులు ఆలోచించాను. ఎడ్నా ఎదురుపడ్డవాళ్ళందర్నీ అడుగుతోంది, “వాడి పక్కన ఎవరైనా ఉన్నారా? ఒంటరిగా పోయాడా?” అని. అది వింటూ ఈ ఇంట్లో ఉండలేను.

అందుకే ఇందాక కీత్‌తో అన్నాను, “ఎడ్నాకి నువ్వే వెళ్ళి చెప్పాలి. తర్వాత స్టేషన్‌కి వెళదాం,” అని. వాడు, స్కూల్లో చేరిన దగ్గర్నుంచి మానేసిన పిలుపుతో అడిగాడు:

“మమ్మీ, నువ్వూ వస్తావా?”

బూట్లేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇక వెళ్తున్నాం.

ఇట్లు,
కీత్ వాళ్ళమ్మ, నీ భార్య
డోరీన్