వంతు మీద హక్కు

ప్రొద్దుటూరులో కాపురముంటూ, ఇక్కడి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన మల్లెల ఓబుళమ్మ అనే నేను, కీర్తిశేషులు మల్లెల గంగన్న కుమార్తెను, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరూ భయపెట్టకుండా, ఎవరూ బతిమాలకుండా రాయించి, చదువుకుని, తప్పులు నేనే దిద్దిన వీలునామా ఇది. ‘బతిమాలకుండా’ అన్న మాట పూర్తిగా నిజం కాదు. బతిమాలారు. నేను వినలేదు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది. ఈ మధ్య నా గుండెకు స్టెంటు వేశారు. భయమేమీ లేదని డాక్టరు చెప్పారు. నేను భయంతో రాయడం లేదు, విసుగుతో రాస్తున్నాను.

1. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దయింది. అందులో నా ఆస్తి యావత్తూ తమ్ముడు ఆదినారాయణకు చెందాలని ఒకే వాక్యం ఉండేది. అప్పట్లో ఆస్తి అంటే ఇల్లు, పొలం, బంగారం. ప్రోగ్రాము రాస్తే అది కూడా ఆస్తేనని, రాసిన మనిషి పోయాక అరవై ఏళ్ళ పాటు దాని కాపీరైటు వారసులదేనని ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు బాగా పట్టింది.

2. తొండూరు మండలంలో నా భాగానికి వచ్చిన పొలం, అందులోని చీనీ (బత్తాయి) చెట్లతో సహా, ఆదినారాయణకు చెందాలి. ఆ చెట్లను సాకింది వాడే. కాగితం మాత్రమే నా పేరున ఉంది.

3. ప్రొద్దుటూరులో నేనుంటున్న ఇల్లు ఆదినారాయణ కూతురు సుమకు. కంప్యూటరు, దాని టేబులు, కిటికీ పక్కన కుర్చీ కూడా ఆమెవే. కుర్చీ ఒక పక్కకు ఒరుగుతుంది. బాగు చేయించవద్దు, నడుముకు అలాగే హాయిగా ఉంటుంది.

4. ఇక అసలు సంగతి, నేను రాసిన ‘వంతు’ అనే ప్రోగ్రాము. రేపు ఈ కాగితం ఏ అధికారి ముందుకైనా వెళితే, అదేమిటని ఆయన తల గోక్కోకుండా ఇక్కడే చెబుతున్నాను.

మా పొలంలోని బోరు పక్కపొలాల వాళ్ళతో కలిసి వేయించుకున్నది. ఒకరి తర్వాత ఒకరు వంతు వేసుకుని నీళ్ళు పారించుకోవాలి. మోటరుకు కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో నమ్మకం లేదు. ఒకరి వంతు నడుస్తుండగా కరెంటు పోతే, తిరిగి వచ్చినప్పుడు నీళ్ళు వాళ్ళకా, తరువాతి వాళ్ళకా? ఈ ప్రశ్న మీద ఒక ఎండాకాలం నా తమ్ముడూ పక్కపొలం రైతూ పారలెత్తుకున్నారు. తమ్ముడి భుజానికి కుట్లు పడ్డాయి. పులివెందుల ఆసుపత్రిలో వాడి మంచం పక్కన కూర్చుని ఈ ప్రోగ్రాము మొదలుపెట్టాను. కరెంటు రాగానే అది మోటరును నడిపిస్తుంది, ఎవరి వంతో అందరి ఫోన్లకూ మెసేజ్ పంపుతుంది. మధ్యలో కరెంటు పోతే మిగిలిన సేపును ఆ మనిషి పేరునే ఉంచి, కరెంటు వచ్చాక ముందు అతనికే ఇస్తుంది. అంతే. మరుసటి ఎండాకాలం ఆ ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చుని బీడీలు కాల్చుకున్నారు.

స్టార్టరుకు తగిలించే పెట్టెను చేసి, అందులో నడిచే భాగాన్ని రాసింది ఖమ్రున్నీసా. నా దగ్గర చదువుకుంది. జమ్మలమడుగులో కంప్యూటర్లు, ఇన్వర్టర్లు బాగుచేసే దుకాణం నడుపుతుంది. భర్త కువైట్‌లో పని చేస్తున్నాడు. ఆమె రాసిన భాగం మీద హక్కు ఆమెదే. అది నేను ఇచ్చేది కాదు.

5. ‘వంతు’ను లోకానికి ఇచ్చేయాలన్న దాంట్లో మా ఇద్దరికీ పేచీ లేదు. ఎలా ఇవ్వాలన్న దగ్గరే పేచీ. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లో నేను షరతు ఉన్నదాన్ని ఎంచుకున్నాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అయితే ఇంకొకరికి ఇచ్చేటప్పుడు లోపలి రాత, అంటే సోర్స్ కోడ్, మొత్తం, తాము చేసిన మార్పులతో సహా, ఇవే హక్కులతో ఇవ్వాలి. ఖమ్రున్నీసాకు ఈ షరతు నచ్చలేదు. షరతు చూస్తే కంపెనీలు దగ్గరకు రావనీ, కంపెనీలు రాకపోతే మన పని నాలుగు ఊళ్ళు దాటదనీ, ఎవరేం చేసుకున్నా చేసుకోనిమ్మని వదిలేద్దామనీ అనేది. ఇచ్చేదేదో ఇచ్చి మళ్ళీ ఈ మెలిక ఏందని అడిగేది. మెలిక లేకపోతే ఆ స్వేచ్ఛ మొదటి కొనుగోలుదారు గుమ్మం దగ్గరే ఆగిపోతుందని నేను అనేదాన్ని. ఆమె దుకాణంలో, మా వంటింట్లో, బస్టాండులో, ఫోన్లో ఇదే వాదన. చివరకు నేను పెద్దదాన్నని ఒప్పుకుంది. నా వాదన నచ్చి మాత్రం కాదు.

తక్కినవాళ్ళతో ఆ మాత్రం వాదన కూడా సాగలేదు. ఎవరికి చెప్పినా “ఫ్రీనే కదా మేడమ్” అని నవ్వారు. దుడ్లు తీసుకోకపోవడం వేరు, తాళం వేయకపోవడం వేరు. ఈ ఒక్క ముక్క చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. ఈ వీలునామా టైపు చేస్తున్న అబ్బాయి కూడా ఇప్పుడే అడిగాడు, ఫ్రీగా ఇచ్చినదాన్ని మళ్ళీ ఎవరికి రాసిస్తారని.

6. ఆదినారాయణ కొడుకు వివేక్ బెంగళూరులో ఒక కంపెనీలో పని చేస్తాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాసి దానికి నా చేతులతో ప్రచారం చేయను. వాళ్ళు ‘వంతు’ను తీసుకుని, తెల్లటి పెట్టెలో పెట్టి, రంగుల బొమ్మలు చేర్చి, ఏటేటా చందా కట్టాలని చెప్పి రైతులకు అమ్మారు. అమ్ముకోవడం తప్పు కాదు, అమ్ముకోవచ్చని నేనే రాసిచ్చాను. లోపలి రాత మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నేను అడిగితే అది తమ వ్యాపార రహస్యమన్నారు. నేను రాసింది నాకే రహస్యమట.

కొడుకు మాట కాదనలేక ఆదినారాయణ మా పెట్టె తీసేసి ఆ తెల్లపెట్టె పెట్టించుకున్నాడు. నాతో చెప్పలేదు. ఒక ఏడాది ఏప్రిల్‌లో చందా గడువు దాటింది, పెట్టె మోటరును ఆపేసింది. కరెంటు ఉంది, బోరులో నీళ్ళున్నాయి, చెట్ల మీద పిందె ఉంది. చందా కడదామంటే కంపెనీ వెబ్‌సైటు తీసుకోదు, వాళ్ళ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. పెట్టెను తప్పించి తీగలు నేరుగా కలుపుదామంటే, మళ్ళీ వంతుల గొడవ మొదలవుతుందని పక్కపొలాల వాళ్ళు ఒప్పుకోలేదు. వారంటీ పోతుందని వివేక్ ఫోన్లో అడ్డుపడ్డాడు. పిందె రాలడం మొదలయ్యాక తమ్ముడు నాకు ఫోన్ చేశాడు.

“అక్కా, చెట్లు సస్తాండాయి. నీ పెట్టె యాడ పెట్టినానో కనపడ్ల.”

నేను ఖమ్రున్నీసాకు చెప్పాను. ఆమె దుకాణం మూసి, స్కూటీ మీద ముద్దనూరు మీదుగా తొండూరు చేరింది. నేను బస్సులో వెళ్ళేసరికి తెల్లపెట్టె మూత తీసి, అందులోని తాళాన్ని చెరిపేసి, మా ‘వంతు’నే తిరిగి ఎక్కిస్తోంది. మోటరు తిరిగింది. నీళ్ళు పాదుల్లోకి పోతుంటే ఆదినారాయణ గట్టు మీద కూర్చుని ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ తర్వాత చుట్టుపక్కల రైతులు తమ పెట్టెలు సంచుల్లో వేసుకుని జమ్మలమడుగు బస్సెక్కారు.

7. కంపెనీ ఖమ్రున్నీసాకు నోటీసు పంపింది. తమ పెట్టె తెరవడం నేరమన్నారు. కరెంటు పోయినప్పుడు మిగిలిన వంతును దాచి తిరిగి ఇచ్చే పద్ధతి తామే కనిపెట్టామని, పేటెంటుకు దరఖాస్తు చేశామని, ఇకమీద ఆ పని ఎవరు చేసినా చూస్తూ ఊరుకోమని కూడా రాశారు. మా అవ్వ కాలంలో, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి దగ్గర మోకు తెగితే, మిగిలిన వంతు మరునాడు ఇచ్చేవాళ్ళు. తామేదో కనిపెట్టామని వాళ్ళెవరూ చెప్పుకోలేదు.

మన చట్టం వట్టి ప్రోగ్రాముకు పేటెంటు ఇవ్వదు. పెట్టెతో ముడిపెట్టి రాస్తే దారి దొరకవచ్చని వాళ్ళ వకీళ్ళకు తెలుసు. పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చని మాకు తెలుసు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుకున్న సుమ నా పక్కన కూర్చుని ఆ అభ్యంతరం రాసింది. అవతల ఉన్నది సొంత అన్న పనిచేసే కంపెనీ. నెలల పాటు వాడు చెల్లెలితో మాట్లాడలేదు. ‘వంతు’ను మేము వాళ్ళకంటే చాలా ముందే ఇంటర్నెట్‌లో అందరి ముందూ పెట్టాం కాబట్టి, అందులో కొత్తదనం లేదని దరఖాస్తు తిరస్కరించారు. ఆ రోజు ఖమ్రున్నీసా మా ఇంటికొచ్చి పాయసం వండింది. ఎప్పటిలాగే చక్కెర ఎక్కువ వేసింది.

పేటెంటు పోయింది గానీ, లోపలి రాత ఈనాటికీ ఇవ్వలేదు. దానికోసం కోర్టుకు పోవాలి, ఏళ్ళు తిరగాలి. నేను కోర్టుకు పోగలిగినంత దూరమే నా షరతు పోగలదని ఖమ్రున్నీసా మొదటినుంచీ చెబుతూనే ఉంది. అది నిజం. నిజం కాబట్టి ఇంకా ఒళ్ళు మండుతుంది.

8. నేను ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారంలోనే వివేక్ పండ్లు, కొన్ని కాగితాలు పట్టుకుని వచ్చాడు. కాపీరైటు ఉన్న మనిషిగా నేను సంతకం పెడితే, కంపెనీ నా షరతు లేకుండా ‘వంతు’ను వాడుకోవచ్చట. ఖమ్రున్నీసా భాగాన్ని తీసేసి కొత్తగా రాయించుకుంటారట. నా భాగం మాత్రం కావాలట. వాడు బతిమాలాడు, తన ఉద్యోగం గురించి చెప్పాడు. నేను పెట్టనన్నాను. వాడికి కోపం రాలేదు. కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు:

“ఇప్పుడొద్దంటే వద్దులే అత్తా. నువ్వు పోయినాక అదంతా మా నాయనకే కదా వచ్చేది. మా నాయన నా మాట కాదనడు.”

దురుసుగా అనలేదు. చట్టంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మరునాడే వకీలుకు కబురు పంపాను.

9. కావున ‘వంతు’ ప్రోగ్రాములో నేను రాసిన భాగం మీద నాకున్న కాపీరైటు, తత్సంబంధమైన సమస్త హక్కులు నా తదనంతరం జమ్మలమడుగు వాస్తవ్యురాలు ఖమ్రున్నీసాకు చెందాలి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. నా తమ్ముడికి గానీ, అతని సంతతికి గానీ ఆ హక్కుల్లో భాగం లేదు. ఈ సంగతి ఆదినారాయణకు ముందే చెప్పాను. కొడుకు ఏమంటాడోనని జంకుతూనే, “మోటరు తిరుగుతాండాది. నాకింగేం వొద్దక్కా” అన్నాడు.

10. వివేక్‌కు నేనేమీ ఇవ్వలేదని ఎవరూ అనకూడదు. ‘వంతు’ను వాడుకోవడానికి, చదవడానికి, మార్చడానికి, షరతు పాటించి అమ్ముకోవడానికి వాడికి హక్కుంది. కొండాపురం పునరావాస కాలనీలోని రైతుకు ఎంత ఉందో అంతే ఉంది. నా పుస్తకాలన్నీ వాడికి. వాడు మొదటి ప్రోగ్రాము రాసింది నా దగ్గరే. తప్పు చూపిస్తే అలిగి వెళ్ళిపోయేవాడు, మరునాడు పొద్దున్నే దిద్దుకుని వచ్చి గడపలో నిలబడేవాడు. ఆ పిల్లవాడి మీద నాకెప్పుడూ కోపం లేదు.

11. ఖమ్రున్నీసా కూతురు హీనాకు నా చేతి గాజుల జత.

12. తొమ్మిదో నిబంధన చివర ‘సదరు లైసెన్సును ఎన్నటికీ మార్చరాదు’ అని వకీలు ఒక వాక్యం చేర్చారు. దాన్ని నేను కొట్టివేయించాను. ఇంతవరకు బయటికిచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఇకముందు రాయబోయేదాన్ని ఎలా ఇవ్వాలో అప్పుడున్నవాళ్ళు తేల్చుకోవాలి. ఖమ్రున్నీసాకు నా షరతు మీద నమ్మకం లేదని తెలిసే ఆమెకు ఇస్తున్నాను. పోయేదాన్ని పోక, ఉన్నవాళ్ళ చేతులకు తాళం వేసి పోతే ఆ కంపెనీకీ నాకూ తేడా ఏముంది? ఇంత శ్రమపడి ఇలా వదిలేస్తారేమిటని వకీలు నావైపు జాలిగా చూశారు. నేను ఖమ్రున్నీసాను పిలిపించి ఈ కాగితం మొత్తం చదివి వినిపించాను. విని ఆమె అంది:

“మార్చల్లని ఇన్నేండ్లు మీతో కొట్లాడితిని మేడమ్. కొట్లాడేదానికి మీరే లేనప్పుడు, మార్చి నేనేం జేసుకోవాల?”

ఇంతకు మించి నాకు రాయించుకోవలసింది లేదు. చదువుకుని, సరిగా ఉందని తెలుసుకుని, సాక్షుల ఎదుట సంతకం పెడుతున్నాను.

ప్రొద్దుటూరు,
2025 ఫిబ్రవరి 12

(సంతకం)
మల్లెల ఓబుళమ్మ

ఓబుళమ్మ గారు మా ఎదుట చదివి సంతకం చేశారు, ఆమె ఎదుట మేము చేశాము.

సాక్షులు:
1. షేక్ నయీం, మందుల దుకాణం, ప్రొద్దుటూరు
2. బి. ఈశ్వరమ్మ, రిటైర్డ్ హెడ్ నర్సు, ప్రొద్దుటూరు