పీట కూడా వస్తోంది

అమ్మకు వందనాలు. సంఘాన్ని వదిలి వెళ్లడానికి నేను బెంగపడతానని నువ్వు బెంగపెట్టుకున్నావట, చెల్లి రాసింది. నిన్నటి వీడ్కోలు సభలో కడుపు చెక్కలయ్యేలా నవ్వానమ్మా. నీ పొట్టితనమే నాకూ వచ్చింది కదా, పదకొండేళ్లూ చర్చిలో పుల్పిట్ బల్ల వెనక పీట వేసుకుని, దానిమీద నిలబడే ప్రసంగించాను. ఎవరికీ తెలియదనుకున్నాను. వడ్రంగి తాత ఆ పీటకు కొత్త రంగు వేసి, అందరి ముందూ నా చేతిలో పెట్టాడు. “ఏటా దీని కాళ్లు బిగించింది నేనే అయ్యగారూ,” అన్నాడు. చంటిపిల్లలకు తప్ప సంఘమంతటికీ తెలుసట.

“కొత్త పని ఆసుపత్రిలో కదా తాతా, అక్కడ పుల్పిట్ ఉండదు. మంచం మంచానికీ వెళ్లి ప్రార్థన చేయడమే,” అన్నాను.

“అయితే దీనిమీద కూర్చోండి. మీరు నిలబడితే, ఎప్పుడు వెళ్లిపోతారోనని రోగి గుమ్మంవైపే చూస్తాడు,” అన్నాడు.

శుక్రవారం పనిలో చేరతాను. నా పాత గొడుగు నీ దగ్గరే ఉందా? నీ కుట్టుమిషను బాగయిందా అని నీ కోడలు అడుగుతోంది. చెల్లి పిల్లలకు దీవెనలు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. పోయినసారి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే వెళ్లిపోయానని అలిగావుగా, వచ్చే నెల పీటతో వస్తాను.

నీ బుడంకాయ